చెలియలికట్ట కరుగుతున్నది

సముద్రపు ఒడ్డుకు మన భాషలో మాటలకు కొదువ లేదు. తీరమన్నా, వేల అన్నా, దరి అన్నా, గట్టన్నా అర్థము తెలియును. కాని వీటన్నిటిలోను నా మనస్సునకు నచ్చిన మాట ‘చెలియలికట్ట’. చెలియలనగా చెల్లెలు. ఎంత ఉప్పొంగినను, ఎంత హోరెత్తినను తోడబుట్టినదాని కట్టను సముద్రుడు దాటడన్న నమ్మకమేదో ఆ పదములో దాగియున్నది. కృష్ణాజిల్లా నందమూరులో జన్మించిన విశ్వనాథ సత్యనారాయణగారు తమ నవలకొకదానికి ఈ మాటనే పేరుగా పెట్టినారు. అక్కడ ఆ కట్ట సంఘమర్యాదకు సంకేతము.

ఈ పదమును తరగతిలో చెప్పుచుండగా ఒకనాడు వెనుక బల్లమీది విద్యార్థి లేచి, “మాస్టారూ, మా వైపున సముద్రం ఆ కట్టను ఎప్పుడో దాటిందండీ. మా తాత ఆడుకున్న ఇసుక దిబ్బ ఇప్పుడు నీళ్లలో ఉంది” అన్నాడు. అతనిది నాగాయలంకకు దిగువన, ఏటిమొగకు చేరువైన పల్లె. తరగతిలో కొందరు నవ్వినారు. నేను నవ్వలేకపోయినాను. వ్యుత్పత్తి చెప్పవలసినవాడిని వ్యుత్పత్తి చెప్పి ఊరుకున్నాను గాని, ఆ పిల్లవాని మాట ఇంటివరకు నా వెంట వచ్చినది. అటుపిమ్మట ఈ విషయమును గురించి దొరికినంతవరకు చదివినాను, తీరమునకు వెళ్లి చూచినాను. భాష చెప్పుకొని బ్రతికేవానికి ఇసుక గొడవ ఎందుకని మిత్రులు పరిహాసము చేసినారు. పదమున్నది గాని పదార్థము పోతున్నదంటే భాష చెప్పేవానికి మాత్రము పట్టదా?

మా కంకిపాడు బందరు రోడ్డు మీది ఊరు. బెజవాడకు దగ్గర, సముద్రమునకు దూరము. బందరు చేరవలెనంటే ఇంకను 50 కిలోమీటర్ల దాకా పోవలెను. ఇక్కడ వరిచేలు, చెరకుతోటలు, కూరగాయల బేరములే గాని అలల చప్పుడు వినిపించదు. సముద్రము మాకు గుర్తుకు వచ్చేది రెండే సందర్భములలో. కార్తీక పూర్ణిమకో మాఘ పూర్ణిమకో మంగినపూడికి, హంసలదీవికి స్నానమునకు బయలుదేరినప్పుడు ఒకటి. తుఫాను వచ్చినప్పుడు మరొకటి.

1977 నవంబరు 19 నాటి రాత్రి నాకింకను జ్ఞాపకమున్నది. అప్పుడు నాకు ఆరేండ్లు. ఇంటి పెంకులు ఒక్కొక్కటిగా లేచిపోతూ ఉంటే మా నాయనమ్మ పిల్లలనందరిని ధాన్యపు గాదె చాటున కూర్చోబెట్టి రామనామము చెప్పించినది. తెల్లవారిన తరువాత మేము పోయిన పెంకులను లెక్కపెట్టుకున్నాము. దివిసీమలో పోయిన మనుష్యులను లెక్కపెట్టుకున్నారు. నిలువెత్తుకు మూడింతలు లేచిన ఉప్పెన పల్లెలకు పల్లెలనే తుడిచిపెట్టినది. మృతులు సుమారు పదివేలమంది అని ప్రభుత్వపు లెక్క. అంతకు చాలా మించియే అని ఆ సీమవారి నమ్మకము. అంతకుముందు 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై వచ్చిన ఉప్పెనలో 30,000 మంది పోయినారు.

ఉప్పెన వచ్చినదంటే లోకమంతయు వింటుంది, పత్రికలు వ్రాస్తవి, విరాళములు పోగవుతవి. కాని ఆ పిల్లవాడు చెప్పినది ఉప్పెన సంగతి కాదు. ఉప్పెన ఒక్క రాత్రి దోపిడి. కోత అనేది దినదినము జరిగే చిల్లర దొంగతనము. ఈ యేడు రెండడుగులు, వచ్చే యేడు నాలుగడుగులు. మొదట ఇసుక దిబ్బ, తరువాత సరుగుడు తోపు, ఆ తరువాత వలలు ఆరవేసుకొనే చోటు, చివరకు ఇల్లు. దీనికి హోరు లేదు గనుక విన్నవారు లేరు.

విన్నవారు బొత్తిగా లేరనరాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కృష్ణా గోదావరి డెల్టాల తీరమును పాత పటములతోను, ఉపగ్రహముల నుండి తీసిన చిత్రములతోను పోల్చి చూచినారు. ఆ తీరము పొడవు 336 కిలోమీటర్లు. 1965 నుండి 2008 వరకు 43 సంవత్సరములలో, క్రొత్తగా ఏర్పడిన భూమిని మినహాయించుకొనగా, సముద్రము పాలైనది 76 చదరపు కిలోమీటర్లు. ఎకరములలో చెప్పుకొంటే పద్దెనిమిదివేలకు పైమాటే. ఇంకొక సంగతి కూడ వారి లెక్కలో ఉన్నది. 1990కి ముందు ఏటికి సగటున 1.39 చదరపు కిలోమీటర్లు పోయినచోట, 1990 తరువాత ఏటికి రెండుంబావుకు మించి పోయినది. అనగా దొంగ చేయి పెరిగినది.

ఎందుకు పెరిగినదో తెలిసికొనుటకు ముందు ఈ నేల ఎట్లు వచ్చినదో ఒక్కసారి స్మరించుకొనవలెను. మన డెల్టా అంతయు నది పెట్టిన భిక్ష. కొన్నివేల సంవత్సరముల క్రిందట సముద్రపు టొడ్డు కొల్లేటి దరిదాపులలో ఉండినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఘంటసాల సంగతి చరిత్ర ఉపాధ్యాయులకు తెలిసినదే. బౌద్ధస్తూపము వెలసిన ఆ ఊరే టోలమీ చెప్పిన కొంటకొస్సిల అను వర్తకపు పట్టణమని పండితుల నిర్ణయము. నాడు ఓడ సరకు దిగిన ఊరికి నేడు అలల చప్పుడైనా వినబడదు. సముద్రము వెనుకకు పోలేదు; నది ముందుకు వచ్చినది. మహాబలేశ్వరము కొండలలో పుట్టిన కృష్ణ దారిపొడుగునా రాతిని అరగదీసి, నల్లరేగడిని కడిగి, ఏటేటా వరదతో తెచ్చి సముద్రములో గుమ్మరించినది. అట్లు గుమ్మరించిన మన్ను మీదనే దివిసీమ లేచినది. పులిగడ్డ దగ్గర చీలి, నాగాయలంక, హంసలదీవి పొడుగునా పాయలుగా విడిపోయి సముద్రములో కలిసే ఆ నదిని చూచినవారికి అది అరచేయి చాచి ఏదో ఇస్తున్నట్లు కనబడును.

అంతమాత్రముచేత ఇచ్చినదంతయు ఇచ్చినచోటనే ఉండదు. ఇసుక తీరము స్థిరాస్తి కాదు; నడిచే ఆస్తి. అల ఒడ్డుకు నిట్టనిలువుగా వచ్చి తగలదు, ఏటవాలుగా వచ్చి తగులును. వచ్చేటప్పుడు ఇసుకను ఏటవాలుగా పైకి నెట్టును, పోయేటప్పుడు నేరుగా క్రిందికి లాగును. ఇట్లు రంపపు పళ్లవలె ఎక్కుచు దిగుచు ఒక్కొక్క రేణువు ఒడ్డు వెంబడి ప్రయాణము చేయును. నైరృతి ఋతుపవనపు మాసములలో ఈ ప్రయాణము ఉత్తరముగా, ఈశాన్య గాలుల కాలములో దక్షిణముగా సాగును. ఏడాది మొత్తము మీద లెక్కవేస్తే మన తూర్పుతీరమున ఉత్తరపు నడకదే పైచేయి. కనుక నిన్న మంగినపూడిలో మన కాలిక్రింద ఉన్న ఇసుక నేడక్కడ ఉండదు. దాని స్థానములోనికి దక్షిణము నుండి వేరొక ఇసుక వచ్చి చేరును. వచ్చినంతవరకు తీరము నిలిచినట్లే కనబడును. రాక తగ్గిన నాడు పోక బయటపడును. గృహస్థు జమాఖర్చులకు దీనికి భేదము లేదు. జీతము ఆగినను సరుకుల వానికి బాకీ ఆగదు గదా!

ఈ జమాఖర్చులలో మన జమ ఎట్లున్నది? 1855 నాటికే బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టినారు. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 1967లో నాగార్జునసాగరము కాలువలకు నీళ్లు వదలినారు; 1980 ప్రాంతమున శ్రీశైలము పూర్తియైనది; ఎగువ రాష్ట్రములలోను కట్టలు లేచినవి. ఇవేవీ వద్దని నేననను. సాగరు నీళ్లు తాగి పెరిగినవాడిని, డెల్టా వరి తిని చదువుకున్నవాడిని. కాని కట్ట నీటిని ఆపినప్పుడు నీటితో వచ్చే మన్నును కూడ ఆపును. నాగార్జునసాగరము కట్టిననాడు 408 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక చేరి నేడు 312 పట్టుచున్నది. శ్రీశైలము 308 నుండి 216కు దిగినది. రెంటిలో కలిపి 188 టి.ఎం.సి.ల చోటును మన్ను ఆక్రమించుకొన్నది. టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇందులో మెత్తని ఒండ్రే ఎక్కువ, ఇసుక పాలు తక్కువ; ఐనను డెల్టాకు రావలసిన సొమ్ము దారిలో నిలిచిపోయినదనుటకు ఇంతకన్న సాక్ష్యమక్కరలేదు.

దిగువకు వచ్చినదెంతో కూడ అదే విశ్వవిద్యాలయమువారు లెక్క చెప్పినారు. 1966-69 సంవత్సరములలో కృష్ణ ఏటికి సుమారు 90 లక్షల టన్నుల మన్నును డెల్టాకు తెచ్చెడిది. 2000-2005 నాటికది 4 లక్షల టన్నులకు పడిపోయినది. రూపాయికి అయిదు పైసలు కూడ లేదన్నమాట. 2015 నుండి పట్టిసీమ పంపులతో గోదావరి జలమును తెచ్చి మన కాలువలు నింపుచున్నారు. శివారు భూముల రైతుకది ప్రాణము పోసినది, నిజమే. కాని పంపు నీటిని తెచ్చును గాని ఇసుకను తేదు.

వరదలు రాలేదా అని అడుగవచ్చును. వచ్చినవి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11.10 లక్షల క్యూసెక్కులు పోయినది. 2024 సెప్టెంబరు ఆరంభములో 11.43 లక్షల క్యూసెక్కులతో ఆ రికార్డును దాటినది. అట్టి వరదలో నది పాతకాలపు ఠీవి కొంత చూపును. పది పదునైదేండ్లకు ఒకసారి వచ్చే అల్లుడు తెచ్చే మిఠాయితో సంసారము గడుచునా?

ఇక మా ఊరి సంగతి. కంకిపాడు నుండి మద్దూరు వైపు పోతే కృష్ణ ఒడ్డు వచ్చును. అక్కడ, ఆ పైన రొయ్యూరు ప్రాంతమున, నది పడుకలో ఇసుక త్రవ్వి లారీలకెత్తుట మాకు నిత్యము కనబడే దృశ్యమే. కాలేజీ వదలి బయటికి వచ్చేసరికి లారీ వెంట లారీ, తడి ఇసుక నుండి నీళ్లు కారుతూ పోతుండును. కొన్ని బెజవాడకు, కొన్ని గుడివాడకు. సముద్రము వైపు నడవవలసిన ఇసుక లారీ ఎక్కి మేడలకు పోవుచున్నది. నేను మూడేండ్ల క్రిందట ఇంటిమీద ఒక గది వేయించినాను. ఆ గోడలలో ఉన్నది కూడ ఆ ఇసుకయే. కనుక నేనెవరివైపు వ్రేలు చూపినను తక్కిన మూడు వ్రేళ్లు నావైపే తిరిగియున్నవి. ఇల్లు కట్టవద్దని ఎవరును అనజాలరు. కాని నది ఏటికి ఎంత ఇసుక తేగలదు, అందులో ఎంత తీయవచ్చును, ఎంత సముద్రమునకు విడువవలెను అన్న లెక్కలో ఆ మూడవ పద్దును పెట్టుకొన్న వారెవరు? ఇసుక విధానములు మారినప్పుడెల్ల చర్చ జరుగునది ఖరీదును గురించియే.

ప్రకాశం బ్యారేజికి దిగువన, మాకు చేరువనున్న చోడవరము దగ్గర ఒకటి, ఇంకా దిగువన మరొకటి బ్యారేజీలు కట్టవలెనన్న ప్రతిపాదన కూడ కొన్నేండ్లుగా వినబడుచున్నది. దాని వెనుకనున్న బాధ నిజమైనది. వేసవిలో ఉప్పునీరు ఏటిమొగ నుండి పైకి ఎగబ్రాకును, బావులు చవిటి రుచి తిరుగును, చేలు చౌడు బారును. రైతు కట్ట కావాలనుటలో తప్పు లేదు. ఐతే కట్టకు ఇసుకను క్రిందికి వదలే తూములు, వరదలో తలుపులెత్తే పద్ధతి మొదటి పటములోనే ఉండవలెను. కట్టిన తరువాత గుర్తు చేసుకొనే విషయము కాదది.

తీరము కోసుకొనిపోతున్నదనగానే అందరికి తట్టే ఉపాయము గోడ. రాళ్లు పోయండి, గోడ కట్టండి అందురు. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ ఉన్నది. జాందానీ చీరలకు పేరుపొందిన ఊరది. అక్కడి కోత ఈనాటిది కాదు. ఇళ్లు, వీధులు సముద్రములోనికి పోగా, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులను ఒడ్డున పరచి, పైన రాళ్లు పేర్చినారు. జియోట్యూబు గోడ అన్నారు దానిని. కొంతకాలము కాచినది. తుఫాను మీద తుఫాను వచ్చి దానిని ఛిద్రము చేసినది. కాకినాడ-ఉప్పాడ రోడ్డు అలల తాకిడికి తెగుట, మరల పోయుట ఆ ప్రాంతమువారికి అలవాటైపోయినది. గోడ తప్పని చోటు కలదు. ఇంటి గుమ్మము ముందు అల నిలిచినప్పుడు శాస్త్రము చెప్పుచు కూర్చుండరాదు. కాని గోడ భూమిని కాచునే గాని ఇసుకను కాచదు. అల దానికి కొట్టుకొని అంతే బలముతో వెనుదిరుగును, తిరిగిపోతూ గోడ అడుగున ఉన్న ఇసుకను తోడుకొనిపోవును. గోడ నిలుచును, బీచి పోవును. గోడ చివరన ఉన్న పొరుగువానికి కోత పెరుగును. పడవను ఒడ్డుకు లాగుకొనుటకు జానెడు ఇసుక లేని పల్లెకారునికి రాతిగోడ ఇచ్చిన రక్షణ ఏపాటిది?

రేవు గోడల కథ ఇంకను విచిత్రమైనది. చెన్నపట్టణపు మెరీనాను చూచి మెచ్చనివారు లేరు. 1876లో అక్కడ హార్బరు గోడలు సముద్రములోనికి కట్టనారంభించిరి. ఉత్తరమునకు నడిచే ఇసుక ఆ గోడ దగ్గర ఆగి, ఏటేటా పేరుకొని, దక్షిణాన విశాలమైన సైకతమైనది. 1884లో గవర్నరు గ్రాంటు డఫ్ దానికి మెరీనా అని పేరు పెట్టి విహారమార్గము వేయించినాడు. అదే గోడకు ఉత్తరమున ఉన్న రాయపురము వైపు ఇసుక అందక తీరము తెగిపోయినది. రాళ్లు పోయక తప్పినది కాదు. మెరీనాలో వేరుసెనగలు తింటూ షికారు చేసేవారికి రాయపురపు బాకీ గుర్తుండదు. పుదుచ్చేరిలోను ఇంతే. 1989లో రేవు గోడలు కట్టిన తరువాత పట్టణము ముందున్న ఇసుక తీరము క్రమముగా మాయమై రాళ్లగుట్ట మిగిలినది. అక్కడ 2018లో నీటి అడుగున త్రికోణాకారపు ఉక్కు దిబ్బనొకదానిని దింపి, అల జోరును తగ్గించినమీదట ఇసుక మరల కొంత చేరినది. పిల్లలు మళ్లీ ఇసుకలో ఆడుకున్నారు. పోయినది తిరిగి రాదనుకోనక్కరలేదని ఆ ఉదాహరణ చెప్పును.

మన విశాఖలోనే ఇంతకన్న పాత పాఠమున్నది. 1933లో రేవు తెరచిన సంవత్సరముననే, ఓడలు వచ్చే దారి ఇసుకతో పూడకుండుటకై జానస్, విల్లెస్‌డెన్ అను రెండు పాత ఓడలను సముద్రములో ముంచి అడ్డుకట్ట చేసినారు. ఆ అడ్డుకట్ట చాటున చేరే ఇసుకను త్రవ్వి, తీరము వెంబడి ఉత్తరమునకు అందించుట ఆనాటి నుండి అలవాటైనది. తరువాత 1970లలో బాహ్య హార్బరు వచ్చినది. నేటికిని రామకృష్ణా బీచి వైపు కోతను తగ్గించుటకు పోర్టువారు డ్రెడ్జరుతో ఇసుకను తెచ్చి పోయుట జరుగుచున్నది. చాలునా చాలదా అన్న వాదము వేరు. రేవు వలన ఆగిన ఇసుకను అవతలి ఒడ్డుకు దాటించవలసిన బాధ్యత రేవుదే అన్న సూత్రము మాత్రము అక్కడ ఉన్నది.

ఇదంతయు ఇప్పుడెందుకనగా, మంగినపూడి చేరువను బందరు రేవు నిర్మాణము 2023 మే నెలలో ప్రారంభమైనది. ఒకప్పుడు టోలమీ మైసోలియా అని వ్రాసిన సీమకు, 1611లో ఆంగ్లేయులు కోఠీ పెట్టుకొన్న పట్టణమునకు మరల ఓడలు రావలెనని బందరువారు తరతరములుగా కోరుకొన్నారు. ఆ కోరిక నెరవేరుట నాకును సంతోషమే. మా పిల్లలకు అక్కడ ఉద్యోగములు రావలెను. కాని రేవనగా సముద్రములోనికి చొచ్చే గోడలు. గోడలనగా ఆగిపోయే ఇసుక. బందరు తీరము చెన్నపట్టణపు తీరము వంటిది కాదు. ఇక్కడ లోతు తక్కువ, నల్లని ఒండ్రు ఎక్కువ. మంగినపూడికి పోయినవారి పాదములకే ఆ సంగతి తెలియును. కనుక ఇక్కడ ఎంత ఆగును, ఎక్కడ తెగును అన్నది ఇక్కడనే కొలువవలెను. ఉత్తరముగా కృత్తివెన్ను వరకు ఉన్న మత్స్యకారుల పల్లెలు ఈనాడెక్కడున్నవో, ఒడ్డు వాటికెంత దూరములో ఉన్నదో రాళ్లు పాతి గుర్తుంచుకొనవలెను. ఓడదారి కోసము త్రవ్వి తీసే ఇసుకను, పనికివచ్చినంతవరకు, లోతు సముద్రములో పారవేయక ఆ ఉత్తరపు ఒడ్డుకు చేర్చే కట్టుబాటు కావలెను. గోడ లేచిన ఇరవై ఏండ్లకు నష్టపరిహారపు అర్జీలు వ్రాయుటకన్న ఇది సులభము, చౌక.

చట్టము లేదా? ఉన్నది. 1991 ఫిబ్రవరి 19న కేంద్రప్రభుత్వము తీరప్రాంతపు నియమావళిని ప్రకటించినది. పోటు గరిష్ఠముగా చేరే గీత నుండి 500 మీటర్ల వరకు ఏది కట్టవచ్చును, ఏది కట్టరాదు అని అందులో నిర్ణయించినారు. 2011లోను, 2019లోను దానిని మార్చినారు. 2019 నాటి మార్పుతో, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2161 దాటిన పల్లెలలో కట్టడములు కూడని మేర 200 మీటర్ల నుండి 50కి తగ్గినది. చట్టపు మంచి చెడ్డలను న్యాయవాదులకు వదలుదును. తెలుగు మాస్టారుగా నాకు తోచే చిక్కు ఒక్కటే: గీత అన్న మాట. కాగితముమీది గీత కదలదు, ఒడ్డు కదలును. నేడు ఒడ్డుకు 50 మీటర్లలో కట్టిన ఇల్లు, ఏటికి రెండు మీటర్లు తెగే చోట, బిడ్డ పెండ్లికి ఎదిగేసరికి నీళ్లలో ఉండును. ప్రణాళిక యన్నది గీతను గాక వేగమును చూచి వేయవలెను. ఎక్కడ నిలువవలెను, ఎక్కడ వెనుకకు జరుగవలెను, జరుగువారికి ఎక్కడ చోటివ్వవలెను అన్నవి ముందే తేలవలెను. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు నదుల, సముద్రపు కోతల నివారణకై 1500 కోట్ల రూపాయలు, ఇల్లు కోల్పోయినవారి పునరావాసమునకు 1000 కోట్లు సిఫారసు చేయుటతో, కోత కూడ ఒక విపత్తేనని దేశము ఒప్పుకొన్నట్లయినది.

వెనుకకు జరుగుట ఓటమి కాదనుటకు, ఇసుకను ఇసుకతోనే కాపాడవచ్చుననుటకు బందరు పాత మిత్రులనే చూడవచ్చును. బందరులో వలందపాలెమున్నది. వలందులనగా హాలెండువారు; పదునేడవ శతాబ్దపు ఆరంభముననే మన తీరమున వర్తకము పెట్టినవారు. వారి దేశములో కొంతభాగము సముద్రమట్టమునకు దిగువ. రాతికట్టలలో వారిని మించినవారు లేరు. అట్టివారే 1990లో, తమ తీరరేఖను ఏటేటా ఇసుక పోసి నిలుపుకొనవలెనని నిశ్చయించినారు. 2011లో హేగు నగరమునకు దక్షిణమున ఒక్కచోటనే 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను కొంకివలె పోసి వదలినారు. దానిని అలలు, గాలి పంచుకొనిపోయి ప్రక్క తీరములకు చేర్చుచున్నవి. సముద్రముతో కలియబడుటకు బదులు సముద్రముచేతనే కూలిపని చేయించుకొన్నారన్నమాట. మనకు అంత ధనము లేదనుట నిజము. మనకు ఉచితముగా ఆ పనిచేసే నది ఉండినదనుటయు నిజము.

నదితోపాటు మరి ఇద్దరు ఉచితపు కూలీలు ఉన్నారు. ఒకరు దిబ్బలమీది గడ్డి. పిల్లలు ‘రావణాసురుని మీసాలు’ అని పిలిచే ముళ్లబంతులు ఇసుకలో దొర్లుట చూచియుందురు. ఆ మొక్కయు, ఊదారంగు పూలతో నేలబారున ప్రాకే తీగయు ఎగిరే ఇసుకను పట్టి దిబ్బ కట్టును. ఆ దిబ్బ తుఫాను నాటికి దాచిన నిలువ. విహారస్థలమును చదును చేయవలెనని బుల్‌డోజరుతో దానిని నెట్టివేయుట కొట్టములోని విత్తులు వండుకొని తినుట వంటిది. ఆ దిబ్బల వాలుననే హంసలదీవి ప్రాంతమున శీతకాలము చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి గ్రుడ్లు పెట్టును. అటవీశాఖవారు వాటిని కాచి పిల్లలను సముద్రమునకు వదలుదురు. రెండవ కూలీ మడ అడవి. కృష్ణ పాయల ముఖమున అభయారణ్యముగా నిలిచిన మడ చెట్ల వేళ్లు ఒండ్రును పట్టి ఉంచును, అల జోరును చీల్చును. రొయ్యల చెరువులకై ఎక్కడెక్కడ మడను నరికినారో అక్కడక్కడ ఒడ్డుకు కావలి పోయినది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క పని చెప్పదలచితిని, ఖర్చు లేనిది. ఎమెరీ అను అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు 1961లో తీరపు వాలును కొలుచుటకు చెప్పిన పద్ధతి అది. సమానమైన రెండు కర్రలు, వాటి మధ్య కొలిచి కట్టిన త్రాడు చాలును. కర్రలపై అంగుళముల గుర్తులు కొననుండి క్రిందికి వేసుకొనవలెను. ఒకరు దిబ్బవైపు కర్రతో, ఒకరు సముద్రము వైపు కర్రతో త్రాడు బిగియునట్లు నిలుతురు. దిబ్బవైపు వాడు వంగి, సముద్రము వైపు కర్ర కొనను ఆకాశము నీరు కలిసే రేఖతో కలిపి చూచినచో, ఆ చూపు తన కర్రను ఏ గుర్తు దగ్గర దాటునో అంతే ఆ రెండు చోట్ల నడుమ పల్లము. అట్లే కర్రలు మార్చుకొంటూ నీటి దాకా పోవలెను. గణితపు మాస్టారు దానినుండి గ్రాఫు గీయించవచ్చును. భూగోళపు మాస్టారు ఋతువులతో పోల్చవచ్చును. ప్రతి పూర్ణిమకు ఒకేచోట మొదలుపెట్టి పది సంవత్సరములు వ్రాసియుంచిన పాఠశాల నోటుపుస్తకము, రేపు రేవు గోడల ఫలితమును గురించి వాదము వచ్చిన నాడు, ఏ వకీలు చేతిలోనైనను బలమైన కాగితమగును.

వెనుక బల్లమీది ఆ విద్యార్థి, మరి ముగ్గురు నలుగురు కలిసి వెదురు కర్రలు రెండు తెచ్చి రంగు వేసినారు. కార్తీక పూర్ణిమకు వారి ఊరికి పోయి మొదటి కొలత తీయవలెనని అనుకొన్నాము. ఎక్కడ మొదలుపెట్టవలెనన్నదే తేలలేదు. అక్కడొక తాడిచెట్టున్నదని, దానిని గుర్తుగా పెట్టుకొందమని నేనంటిని. అతడు కొంచెము ఆలోచించి, “ఆ చెట్టు వద్దండీ మాస్టారూ, దాని వేళ్లు బయటపడ్డాయి, ఇంకా లోపలికి, రామాలయం మెట్టు దగ్గర పెట్టుకుందాం” అన్నాడు.